మా మామగారు లైట్లు ఆర్పిన చోటు

మా మామగారు పోయిన సంగతి నాకు ఒక ప్రశ్నగా తెలిసింది. మధ్యాహ్నం పూట గుంటూరులో, నేను పనిచేసే ఆస్పత్రి ల్యాబులో ఉన్నాను. ప్రత్తిపాడులో మా ఎదురింటావిడ ఫోన్ చేసి "ఎన్నింటికి తీస్తున్నారమ్మా?" అంది. "ఎవర్నండీ?" అన్నాను.  ఆవిడ "నువ్వు నిదానంగా రామ్మా" అని పెట్టేసింది. మా ఆయనకు చేస్తే ఎంగేజ్. అత్తయ్యకు చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి "షామియానా ఎక్కడ దించమంటారు?" అని నన్నే అడిగాడు. ఇంట్లో ఎవరో పోయారని అర్థమైంది గానీ ఎవరన్నది తేలలేదు. దారంతా ఒకసారి ఒకరి కోసం, ఇంకోసారి ఇంకొకరి కోసం ఏడ్చాను. ఇల్లు చేరాక, వాకిట్లో మామగారు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని ఉండడం చూశాక తేలింది.

భోజనం చేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. మంచి చావని అందరూ అన్నారు. అయి ఉండవచ్చు. కానీ పోయేముందు ఆయనకు ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉండేది. తను ఏళ్ళ తరబడి చేసిన పని ఒకటి మర్యాదో మూర్ఖత్వమో ఆయనకు తేలలేదు. నన్ను కనుక్కోమన్నారు. కనుక్కునేలోపే పోయారు. తర్వాత ఆ సంగతి దానంతట అదే మా ఇంటికి వచ్చింది. వచ్చాక నాకు ఇంకా అయోమయంగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. నైట్ హాల్ట్ బస్సు ఆయనది. సాయంత్రం గుంటూరులో బయల్దేరి చివరి ఊళ్ళో రాత్రికి ఆగి, తెల్లారగట్ల మొదటి బస్సుగా తిరిగి గుంటూరు చేరే బస్సు. పాల క్యాన్లు, మిర్చి యార్డుకు పోయే రైతులు, కళ్ళు నులుముకుంటూ ఎక్కే కాలేజీ పిల్లలు. చీకట్లో తోలడమే ఆయన ఉద్యోగం. అందుకే ఆయనకు ఇంజను కన్నా లైట్ల మీద ధ్యాస ఎక్కువ. మా కారు వచ్చాక కూడా రోజూ పొద్దువాలే వేళకు భుజం మీది తువ్వాలు తడిపి రెండు లైట్ల అద్దాలూ తుడిచేవారు. మిగతా కారు దుమ్ము కొట్టుకుపోయినా పట్టించుకునేవారు కాదు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మొదట మా ఆయన మొదలుపెట్టాడు. నేను నేర్చుకున్నదాని కన్నా మేమిద్దరం అరుచుకున్నది ఎక్కువైంది. ఒక సాయంత్రం గేటు ముందు కారు ఆపి ఎవరి తలుపు వాళ్ళు ధడాలున వేసుకుని దిగితే, మామగారు వచ్చి తాళాలు అడిగి తీసుకున్నారు. "నువ్వెళ్ళి టీవీ చూసుకోరా. ఏమ్మాయ్, ఎక్కు" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి ఆయన గొంతు పెంచింది లేదు, నేను ఏడ్చింది లేదు.

మిగతావాళ్ళు పగలు నేర్పుతారు. ఆయన మసక చీకట్లో నేర్పారు. "పగలు ఎవరైనా తోలతారమ్మాయ్" అనేవారు. ఆ వేళకు సగం బళ్ళు లైట్లు వెయ్యవు. అడిగితే ఇంకా కనపడుతోందిగా అంటారు. "వాడికి కనపడుతోంది. వాడు కనపడట్లా" అనేవారు మామగారు. "లైటు మనకు దారి చూపెట్టడానికే అనుకుంటారు అందరూ. అది సగమే. మనం ఉన్నామని అవతలోడికి చెప్పటానికి కూడా." ఈ మాట నేను ల్యాబులో కొత్తగా బండి కొన్న ప్రతివాళ్ళకీ చెప్పాను.

ఎదురుగా ఫుల్ లైటు వేసుకుని వచ్చేవాణ్ణి చూస్తే ఆయన తిట్టేవారు కాదు. "వీడింట్లో పెళ్ళేమో" అనేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేను కూడా ఫుల్ లైటు వేసి వాడి మొహాన కొట్టేదాన్ని. "నువ్వూ వాడి కళ్ళు పొడిస్తే ఇద్దరూ గుడ్డోళ్ళవుతారు. బాగుందా?" అని ఆయనే చెయ్యి చాపి లైటు తగ్గించేవారు. "వాడి లైటు వంక చూడమాక. చూపు ఎడంపక్క రోడ్డంచున పెట్టు. అంచు పట్టుకునిపో." ఇప్పటికీ ఆ అంచు పట్టుకునే ఇంటికి వస్తున్నాను.

ఆయనకు కూడా తేలని సంగతులు ఉండేవి. ముందు పోయే లారీ కుడివైపు ఇండికేటరు వేస్తే, వాడు కుడికి తిరుగుతున్నట్టా, నన్ను దాటి పొమ్మన్నట్టా అని అడిగాను. "రెండూను" అన్నారు. అదేమిటండీ అంటే, "రెండిటికీ ఒకటే లైటు. వాడి మనసులో ఏముందో నువ్వే కనిపెట్టాలి" అన్నారు. ఎదుటివాడు లైటు ఆర్పి వెలిగిస్తే ముందు నువ్వు వెళ్ళమన్నట్టా, నేను వస్తున్నా ఆగమన్నట్టా? దానికీ అదే జవాబు. ఇన్నేళ్ళు తోలిన మనిషి కూడా ఇలా చెబితే నేనేం నేర్చుకోను అని విసుక్కున్నాను. 

ఇంత చెప్పిన మనిషి ఒకచోట మాత్రం లైట్లు ఆర్పేసేవారు.

మా ఊరికీ గుంటూరుకీ మధ్య వాగు మీద ఒక చప్టా ఉంది. దాని అవతల రోడ్డును ఆనుకుని ఒక పేట. ఊరి పేరు రాయను, ఆడవాళ్ళ సంగతి కాబట్టి. చప్టా దిగగానే ఆయన చెయ్యి వెళ్ళి లైట్లు ఆపేసేది. డిమ్ చెయ్యడం కాదు, పూర్తిగా ఆర్పేయడం. బండి నెమ్మదించేది. ఆయన మొహం కుడివైపుకు, పొలాల వైపుకు తిరిగేది. పేట దాటి చర్చి గోడ వచ్చాక మళ్ళీ లైట్లు వెలిగేవి. ఆ కాస్త దూరమూ నేను ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. బ్యాటరీ మిగులుస్తున్నాడని మా ఆయన అనేవాడు. కళ్ళు పోతున్నాయని, అద్దాలు మార్చుకోమంటే వినడని అత్తయ్య అనేది. "మీరు నేర్పేదొకటి, చేసేదొకటి ఏమిటి మావయ్యా?" అని నేను మొహం మీదే అడిగాను. "నువ్వు ఆర్పమాక. నేను ఆర్పుతా" అన్నారు. ఇదేం జవాబు?

మొన్నటి మంచు రోజుల్లో నాకు పొద్దున షిఫ్టు పడింది. చీకటితోనే బయల్దేరాలి. మంచులో నువ్వొద్దని ఆయనే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. చప్టా దిగాం. లైట్లు ఆరాయి. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆయన బ్రేకు తొక్కడం, ఎదురుగా తెల్లగా గోడలాంటిది ఒకటి అద్దం నిండా కమ్ముకోవడం ఒక్కసారే జరిగాయి. పత్తి. ట్రాక్టరు ట్రక్కులో వెడల్పుగా, బయటికి పొంగి వేలాడుతున్న పత్తి మూటలు. మా కారు మూతి అందులో దిగబడిపోయింది. కింద ఇనుప కమ్మీ తగిలి ఒక లైటు పగిలింది. మాకు దెబ్బలేమీ తగల్లేదు. ఆయన అడిగిన మొదటి మాట "ఏమ్మాయ్, నీకేం కాలేదుగా" అని.

ట్రాక్టరతను దిగి వచ్చాడు. "ఏంది పెద్దాయనా, లైట్లు లేకుండా వస్తున్నావు?"

"నీకుందంట్రా వెనక లైటు?" అన్నారు మామగారు.

"నాది ట్రాక్టరు."

"ట్రాక్టరైతే?"

"ట్రక్కులకి ఎవరు పెట్టిచ్చారు లైట్లు? అయినా అంత తెల్లగా ఉంది గదా పత్తి, కనపళ్ళేదా?"

"లైటేస్తే గదరా తెలుపు కనపడేది" అన్నారు మామగారు. అని, ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

"మరి ఎయ్యకపోయావా? కాలిపొయ్యాయా?"

"లేదు. ఆర్పాను."

"ఎందుకు?"

ఆయన వంగి, పగిలిన లైటు అద్దం ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. ట్రాక్టరతను నా వైపు చూశాడు. నాకు మాత్రం ఏం తెలుసు? అతను తల కొట్టుకుని, కారుకు అంటుకున్న పత్తి ఏరుకుని, అదే చీకట్లో అలాగే లైటు లేకుండా వెళ్ళిపోయాడు.

తెల్లవారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. అప్పుడు చెప్పారు, నా వైపు చూడకుండా. "ఆ రోజుల్లో ఈ పేటలో మరుగుదొడ్లు లేవమ్మా. తెల్లారగట్ల ఆడవాళ్ళంతా ఈ రోడ్డు వారనే కూర్చునేవాళ్ళు. బండి లైటు పడ్డప్పుడల్లా లేచి నిలబడాలి, కొంగు మొహం మీదికి లాక్కుని. లారీ వస్తే లేవాలి, అది పోయి కూర్చునేసరికి జీపొస్తది, మళ్ళీ లేవాలి. ఒకనాడు నా బస్సు లైట్లో ఒక ముసలామె కర్ర పట్టుకుని లేవలేక లేవలేక లేస్తా కనపడింది. నా వల్లే గదా అనిపించింది. మర్నాటి నుంచి ఆర్పేశా. హారన్ కూడా కొట్టేవాణ్ణి కాదు. అటు చూసేవాణ్ణి కాదు."

 నేను పుట్టిన ఇంట్లో పెరట్లో దొడ్డి ఉండేది. లైటు పడితే లేచి నిలబడడం నాకు తెలియదు. "ఇప్పుడు ఇళ్ళల్లో కట్టుకున్నారుగా మావయ్యా, అక్కడ ఎవరూ కూర్చోవట్లేదుగా" అన్నాను.

"నాకు తెలుసు. చేతికి తెలియట్లా" అన్నారు.

ఆ తర్వాత ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి "ఇక నువ్వే తోలుకో" అన్నారు, అంతే. పొద్దువాలితే వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవారు. ఒంటి లైటుతో వచ్చే జీపు, మిరపకాయ టిక్కీ బస్తాల చాటున వెనక లైటు దాగిపోయిన మినీ లారీ, కళ్ళు పోయేలా తెల్లటి లైట్లు పెట్టించుకున్న కుర్రాళ్ళ బైకులు. ఒక్కోదాని గురించి లోపలున్న మాకు వినపడేలా ఏదో ఒకటి అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన ఆ మాటల మధ్య ఇంకేదో ఆలోచిస్తున్నారని ఆయన చనిపోయిన వారం దాకా నాకు తెలియదు.

ఆ వారం ఒక సాయంత్రం నేను కారు దిగుతుంటే పక్కన కూర్చోమన్నారు. "ఆ ఆడవాళ్ళు ఏమనుకునేవాళ్ళో" అన్నారు, అప్పటిదాకా అదే మాట్లాడుకుంటున్నట్టు. "మంచే చేశాననుకున్నా ఇన్నాళ్ళూ. మొన్న ఆ ట్రాక్టరు ఉన్నచోట ఒక మనిషి ఉంటే? అప్పట్లో ఎవరన్నా రోడ్డు దాటుతా ఉంటే? ఒక్కళ్ళు కూడా నన్ను ఒక మాట అన్లా. తిట్టలా, మెచ్చుకోలా. ఎట్టా అంటార్లే, అది మాట్లాడుకునే సంగతా? నువ్వు ఆడదానివి. నువ్వడగొచ్చు."

"ఏమని అడగను మావయ్యా? ఫలానా బస్సు లైట్లార్పి వచ్చేది, మీకు వీలుగా ఉండేదా అనా?"

ఆయనకు నవ్వు వచ్చింది, నవ్వుతో దగ్గు వచ్చింది. "అట్టానే అడుగు" అన్నారు. ఆదివారం వెళతానన్నాను. ఆదివారం దాకా ఆయన లేరు.

పెద్దకర్మ రోజు సాయంత్రం, బంతులు అయిపోయి బంధువులు ఒక్కొక్కరే కదులుతున్న వేళ, మా గేటు ముందు ఒక ఆటో ఆగింది. కొందరు ఆడవాళ్ళు దిగారు. మిరపకాయ కల్లాల్లోంచి నేరుగా వచ్చినట్టున్నారు, వాళ్ళు లోపలికి రాగానే షామియానా కింద ఉన్నవాళ్ళంతా తుమ్మడం మొదలుపెట్టారు. ఎవరో తెలియక అత్తయ్య నా వైపు చూసింది. వాళ్ళలో పెద్దామె ఫోటో ముందుకు వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. "సెంటర్లో ఫ్లెక్సీ మీద నైట్ హాల్ట్ బస్సు డ్రైవరని రాసుంటే చూసి వచ్చామమ్మా. ఈయనేనా చీకటి బస్సాయన?" అని అడిగింది.

"చీకటి బస్సేమిటి?" అన్నాను, అర్థమై కూడా.

"మా పేటలో అట్టానే అంటాం."

 వాళ్ళను పెరటి వైపుకు, నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి, మగవాళ్ళెవరూ లేకుండా చూసి, ఆయన ఎందుకలా ఆర్పేవారో చెప్పాను. అది మీకు ఎలా ఉండేదో ఆయనకు తెలుసుకోవాలని ఉండేదని చెప్పాను. 

వాళ్ళలో చిన్నామె వెంటనే అంది, "ఆయన ఎందుకార్పేవాడో మాకు తెలుసమ్మా. మా అమ్మ ఆ ఒక్క బస్సుకే లేవకుండా కూర్చునేది. ఆమెకి మోకాళ్ళు పట్టేసి లేవటం అయ్యేది కాదు. ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు తెలవక, మొదటి బస్సు డ్రైవర్ని దీవించు ప్రభువా అనేది. పోయేదాకా అంది."

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇంకేం, దొరికింది జవాబు అనుకున్నాను.

"మీ అమ్మకి చెవుడు" అంది పెద్దామె. "నాకు లేదుగా. నాకు చప్పుడు వినపడేది, బండి కనపడేది కాదు. లైటొస్తే లేచేవాళ్ళం, అది అలవాటైన సంగతి. సిగ్గో ఎగ్గో, లేచి నిలబడితే పొయ్యేది. ఇదేమో మీదికొస్తా ఉంటది, ఏడుందో తెలవదు. లేవాల్నా, కూర్చోవాల్నా, కాలవలో దూకాల్నా? ఒకసారి రోడ్డు దాటతా ఉన్నా. నా కొంగు ఆ బస్సు గాలికి ఎగిరి మొహం మీద పడింది. అంత దగ్గర. ఇంటికొచ్చి చలిజ్వరంతో పడుకున్నా."

"నీకు తొందరెక్కువ అత్తా" అంది చిన్నామె.

"తొందరా? బస్సుకేమో లైటు లేదు. ఆయన మొహమేమో అటు తిప్పుకున్నాడు. మరి రోడ్డు ఎవరు చూస్తా ఉన్నట్టు?"

"మన మానం చూశాడు."

"ప్రాణం ఉంటే గదా మానం."

ఇద్దరూ వాదులాడుకున్నారు. మిగతావాళ్ళు కొందరు ఇటు, కొందరు అటు. ఒకామె తనకు ఆ బస్సు సంగతే గుర్తులేదంది. ఈ గొడవంతా వాళ్ళు ఇంతకుముందు చాలాసార్లు పడ్డారని వినే కొద్దీ తెలుస్తోంది. ఆయన వాకిట్లో కూర్చుని ఆలోచించినన్నాళ్ళూ, చప్టా అవతల వీళ్ళు కూడా అదే తేల్చుకోలేకపోయారన్నమాట.

"అంత కోపముంటే మరి ఎందుకొచ్చారమ్మా?" అని పెద్దామెను అడిగాను. నా గొంతులో కాస్త ఉక్రోషం కూడా ఉండే ఉంటుంది.

ఆమె నన్ను తేరిపార చూసింది. "తిడదామని శానాసార్లు అనుకున్నా. మొహం తెలవకుండా ఎట్టా తిట్టేది? చీకట్లో ఏనాడన్నా కనపడ్డాడా? ఫ్లెక్సీలో చూస్తినా, మంచోడిలానే ఉన్నాడు" అంది. తర్వాత, "అన్నం పెట్టమ్మా, పోవాలి" అంది. వడ్డించాను. గోంగూర మళ్ళీ అడిగి వేయించుకుంది. వెళ్ళేటప్పుడు ఫోటోకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

వాళ్ళు వెళ్ళాక ఫోటో ముందు నిలబడ్డాను. ఆయన అడిగింది కనుక్కున్నాను. కానీ ఏమని చెప్పను? మంచే చేశారు మావయ్యా అంటే, ఆ పెద్దామె కొంగు గుర్తొస్తుంది. తప్పు చేశారు అంటే, మోకాళ్ళు పట్టేసిన ఆమె ప్రార్థన గుర్తొస్తుంది. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఇష్టం ఉన్నంత మాత్రాన తీర్పు చెప్పడం వస్తుందా?

అంతలో మా ఆయన మేనత్తను గుంటూరు స్టేషన్‌లో దింపాలని కారు తీశాను. అప్పటికి చీకటి పడింది. ఊరు దాటగానే ముందు ఆ ఆటోనే కనిపించింది. దానికి వెనక లైటు లేదు. వెనక్కి తిరిగి ఉండే సీట్లో, కాళ్ళు బయటికి వేలాడేసి ఆ పెద్దామె కూర్చుని ఉంది. చేతిలో ఫోన్ టార్చి వెలిగించి, వెనక వచ్చేవాళ్ళకు తెలియడానికి రోడ్డు మీదకు పట్టుకుంది. నా లైట్లు ఆమె మొహం మీద పడ్డాయి. ఆమె కళ్ళు చికిలించి, రెండో చెయ్యి పైకెత్తింది.

"దాటెయ్యవే, రైలు పోద్ది" అంది మేనత్త.

ఆ చెయ్యి నన్ను దాటి పొమ్మంటోందో, లైటు తగ్గించమంటోందో, ఆగమంటోందో నాకు తెలియలేదు. నేనెవరో ఆమెకు తెలిసిందో లేదో కూడా తెలియలేదు. లైటు తగ్గించాను. ఆర్పలేదు. ఆమె చెయ్యి దించలేదు. మేనత్త ఏదో సణుగుతూనే ఉంది. ఆటో వెనక తారు మీద ఆ టార్చి వెలుగు పళ్ళెమంత గుండ్రంగా, గతుకులకు ఎగిరి పడుతూ పోతోంది. నేను దాని వెనకే, దాన్ని తొక్కకుండా, నెమ్మదిగా తోలుతున్నాను.